పనితనమే గీటురాయి: విలియం ఆర్క్‌రైట్

మరమగ్గాల భివండీకి నూలే ప్రాణం. నూలు వడికే యంత్రానికి 1769లో పేటెంటు పొందిన రిచర్డ్ ఆర్క్‌రైట్ వంశంలో, 1857లో ఇంగ్లండులో విలియం ఆర్క్‌రైట్ జన్మించారు. వేటకుక్కల పెంపకం ఆయనకు జీవనోపాధి కాదు, జీవితకాలపు అభిరుచి. ప్రదర్శనలలో బహుమతుల కొరకు పొట్టి కాళ్లతో, పొడవాటి మేనితో పెంచిన స్పానియల్ కుక్కలు ఆనాడు పొదలలో పనికి కొరగాకుండా పోతుండేవి. వాటి పనితనాన్ని పరీక్షించే తొలి పోటీలకు 1899 జనవరిలో ఆయన సట్టన్ స్కార్స్‌డేల్ ఎస్టేటే వేదికయింది. పొదలోని పక్షిని లేపుట, తుపాకి మ్రోగినను బెదరక నిలుచుట, నేలకూలిన పక్షిని పంటిగాటు పడకుండ తెచ్చి అందించుట అందలి పరీక్షలు. పాయింటర్ జాతి పూర్వచరిత్రను శోధించి 1902లో ఆయన గ్రంథం వెలువరించారు. 1925లో కన్నుమూశారు. ఆ పోటీలు నేటికీ సాగుతున్నాయి. రూపానికి గాక నేర్పుకు, సహనానికి విలువ కట్టిన ఆ గీటురాయి విద్యార్థులకూ అనుసరణీయం.