యంత్రదోషములను వెదకిన విదుషి: గ్రేస్ హాపర్

పనిచేయుచున్న యంత్రము హఠాత్తుగా నిలిచిపోయినపుడు మనుష్యుల స్వభావము బయటపడును. కొందరు యంత్రమును తిట్టుదురు. కొందరు ప్రక్కవానిపై నెపము వేయుదురు. బహు కొలదిమంది మాత్రము మూత విప్పి దోషమెచ్చట నున్నదో వెదకుదురు. కంప్యూటరుల చరిత్రమున ఈ మూడవ తెగకు చెందినవారిలో అగ్రగణ్యురాలు గ్రేస్ హాపర్.

ఆమె 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. పుట్టినింటి పేరు గ్రేస్ బ్రూస్టర్ మర్రే. ఏడేండ్ల ప్రాయమున, అలారము గడియారము ఎట్లు మ్రోగునో తెలిసికొనగోరి దాని మరలను ఊడదీసెను. తిరిగి కూర్చుట తెలియక, దానిని చూచి నేర్చుకొనవచ్చునని రెండవ దానిని విప్పెను. అట్లు ఇంటిలోని ఏడు గడియారములును ముక్కలయ్యెను. తల్లి వానిలో ఒక్కదానిని మాత్రము బిడ్డకు విడిచి, తక్కినవాని జోలికి పోరాదని కట్టడి చేసెను. బిడ్డ కుతూహలము చెడలేదు. ఇంటికి కాలము తెలియుటయు ఆగలేదు.

1928లో వాస్సార్ కళాశాలనుండి గణిత, భౌతికశాస్త్రములలో పట్టము పొంది, 1934లో యేల్ విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమందు డాక్టరేటు సంపాదించెను. 1930లో విన్సెంటు హాపరును వివాహమాడి ఆ ఇంటి పేరు పొందెను. 1931నుండి వాస్సార్‌లోనే అధ్యాపకురాలుగా ఉండెను. లెక్కల తరగతిలో ఆమె విద్యార్థినులచే వ్యాసములు వ్రాయించి, భాషాదోషములను సైతము దిద్దుచుండెడిది. ఇది గణితపాఠము గాని ఆంగ్లపాఠము కాదు గదా యని వారు సణుగుకొనిరి. తెలిసినదానిని ఇతరులకు తెలియజెప్పలేనివానికి గణితము వచ్చియు ప్రయోజనము లేదని ఆమె సమాధానము. ఆమె తదనంతర జీవితమునకు ఈ మాటయే మూలసూత్రమయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా ప్రవేశించిన పిమ్మట ఆమె నౌకాదళమున చేరగోరెను. వయస్సు మించినదనియు, దేహపు బరువు చాలదనియు అధికారులు మొదట ఆటంకము చెప్పిరి. ఆమె పట్టు విడువక మినహాయింపు సంపాదించి, 1943 డిసెంబరులో దళమున చేరెను. శిక్షణయందు ప్రథమస్థానము పొందిన ఆమెను 1944లో హార్వర్డు విశ్వవిద్యాలయమున హోవర్డు ఐకెన్ నిర్వహించుచున్న మార్క్ వన్ గణనయంత్రము కడకు పంపిరి. అది 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తుగల మహాయంత్రము. దానిలో ఏడు లక్షలకు పైబడిన భాగములుండెను. అయినను క్షణమునకు మూడు కూడికలు మాత్రమే చేయగలిగెడిది. యుద్ధావసరముల లెక్కలకై రేయింబవళ్లు పనిచేయుచుండిన ఆ యంత్రమునకు ఆదేశములను కాగితపు పట్టీపై రంధ్రములుగా పొడిచి ఇచ్చెడివారు. ఒక్క రంధ్రము తప్పిన లెక్కయంతయు చెడును. ఆ యంత్రమును నడుపు విధానమును గూర్చి ఒక గ్రంథము వ్రాయుమని ఐకెన్ ఆజ్ఞాపింపగా, ఎన్నడును గ్రంథము వ్రాసి యెరుగని ఆమె ఐదువందల పుటలకు మించిన గ్రంథమును సిద్ధము చేసెను. అది 1946లో వెలువడెను.

1947 సెప్టెంబరు 9వ తేదీన, తరువాతి యంత్రమగు మార్క్ టూ పని తప్పెను. పనివారు విప్పి చూడగా, 70వ సంఖ్యగల రిలేలో ఒక చిమ్మటపురుగు చిక్కుకొని చచ్చియుండెను. వారు దానిని తీసి, దినచర్య పుస్తకములో అంటించి, గంట వేసి, కారణము వ్రాసిరి. యంత్రదోషమును పురుగు అను మాటతో పేర్కొనుట ఎడిసన్ కాలమునుండియు కలదు. పుస్తకమున ఆ వ్రాత హాపరుది కాకపోయినను, ఆ కథను లోకమున వ్యాపింపజేసినది ఆమెయే. ఆ పుట నేటికిని వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాల సొత్తు. యంత్రము ఎన్నడు నిలిచెను, ఏ భాగమున నిలిచెను, ఏమి చేయగా బాగుపడెను అని వ్రాసియుంచుటయే మరమ్మతునకు మొదటి మెట్టు అను సత్యమును ఆ చచ్చిన పురుగు చాటుచున్నది.

1949లో ఆమె ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ సంస్థలో చేరెను. అచ్చటి బైనాక్ యంత్రమునకు ఆదేశములను ఎనిమిదింటి లెక్కలో వ్రాసెడివారు. ఆ రోజులలో మూడు నెలలు తన బ్యాంకు పద్దు కుదరక ఆమె తికమకపడెను. బ్యాంకు ఉద్యోగియైన తమ్ముడు పరిశీలింపగా, అప్పుడప్పుడు ఆమె పదింటికి బదులు ఎనిమిదింటి లెక్కతో తీసివేతలు చేయుచున్నట్లు తేలెను. ఈ కథను ఆమె స్వయముగా నవ్వుచు చెప్పెడిది.

దోషములను సవరించుటకంటె దోషహేతువును తొలగించుట మేలని ఆమె గ్రహించెను. ఒకసారి సరిగా వ్రాసిన ఆదేశములను మరల మరల చేతితో నకలు చేయుటయందే తప్పులు దొర్లుచుండెను. ఆ నకలు పనిని యంత్రమే చేసికొనునట్లు 1952లో ఏ-జీరో అను కంపైలరును రూపొందించెను. కంప్యూటరు లెక్కలు మాత్రమే చేయగలదను నమ్మకము ప్రబలియున్న ఆ కాలమున దానిని ముట్టుకొన్నవారు లేరు. ఆంగ్లపదములతో ఆదేశములు వ్రాయవచ్చునని చెప్పగా అది అసాధ్యమనిరి. ఆమె వాదులాటతో కాలము గడపక, చేసి చూపెను. అట్లు ఫ్లో-మాటిక్ భాష పుట్టెను. 1959లో ఆరంభమైన కోబాల్ భాషకు అది ముఖ్యమైన ఆధారమయ్యెను. 1960 డిసెంబరులో రెండు వేర్వేరు సంస్థల యంత్రములపై ఒకే కోబాల్ ఆదేశపత్రము నడచెను.

మంచి పనికి అనుమతికై వేచియుండుటకంటె ముందు చేసి, పిదప క్షమాపణ కోరుట సులభమని ఆమె యువకులకు బోధించెడిది. 1966లో విశ్రాంతి నొసగిన నౌకాదళము, మరుసటి ఏడే ఆమెను ఆరు నెలలకని పిలిపించుకొనెను. ఆ కొలువు దాదాపు రెండు దశాబ్దములు సాగెను. ఉపన్యాసములలో సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్కలు పంచి, క్షణములో నూరుకోట్లవ వంతులో విద్యుత్తు పోగల గరిష్ఠదూరము అంతయేనని చూపెడిది. 1985లో రియర్ అడ్మిరల్ పదవి పొంది, 1986లో 79 ఏండ్ల వయస్సున విరమించెను. 1992 జనవరి 1న కన్నుమూసెను.

అయితే అనుమతిని గూర్చిన ఆమె బోధను విద్యార్థులు అపార్థము చేసికొనరాదు. నేటి కంప్యూటరులలో మూలభాగములను మార్చు అధికారము నిర్వాహకునకు మాత్రమే ఉంచి, తక్కినవారికి ఒక హద్దు గీయుదురు. ఒకరి పొరపాటు అందరి పనిని చెడగొట్టకుండుటకే ఆ ఏర్పాటు. హాపరు ధిక్కరించినది కొత్తదనమును సహింపని అలసత్వమును. తప్పు చేసిన, తానే బాధ్యత వహించుటకు ఆమె సిద్ధపడియుండెను. బిడ్డకు ఒక్క గడియారమునిచ్చి తక్కినవానిని కాపాడిన తల్లి ఈ రెండు ధర్మములను ఆనాడే నేర్పెను. పాఠశాలలో కంప్యూటరు ఆగిపోయిన వేళ, విద్యార్థి చేతికి ముందుగా అందవలసినది ఒక నోటుపుస్తకమును, పెన్సిలును.