మన జిల్లా రంగుల మాస్టారు – వడ్డాది పాపయ్య గారు

మన శ్రీకాకుళం జిల్లా అనగానే బయటివాళ్ళకు తుపాన్లు, వలసలు గుర్తొస్తాయి. పలాస, టెక్కలి వైపు అని చెబితే జీడిపప్పు, ఉద్దానం కిడ్నీ జబ్బు అంటారు. యూనివర్సిటీలో నా తోటివాళ్ళు కూడా అంతే. వాళ్ళకి నేను వడ్డాది పాపయ్య గారి పేరు చెబితే ఎవరాయన అని అడుగుతారు. పాత చందమామ ముఖచిత్రం చూపిస్తే మాత్రం ఈయన బొమ్మలా, మా ఇంట్లో ఉండేవి అంటారు. బొమ్మ అందరికీ తెలుసు, మనిషి ఎవరికీ తెలియదు. అందుకే ఈ సంవత్సరం మన హాస్టల్ సంచికకు ఆయన జీవితం రాస్తున్నాను.

పాపయ్య గారు 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. అప్పటికి మనకి జిల్లా లేదు. శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఒక తాలూకా. ఒడిశా విడిపోయిన 1936 తర్వాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చి, 1950లో మనకంటూ జిల్లా ఏర్పడింది. తల్లి మహాలక్ష్మి గారు, తండ్రి రామ్మూర్తి గారు. తండ్రి డ్రాయింగ్ మాస్టారు. పాపయ్య గారు కుంచె పట్టడం నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఆ రోజుల్లో బొమ్మ నేర్చుకోవాలంటే దారులు లేకపోలేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారు బొంబాయిలో చదివి వచ్చి చిత్రకళాశాల పెట్టారు, కానీ పాపయ్య గారికి మూడేళ్ళ వయసులోనే, 1925లో, ఆయన చిన్న వయసులో చనిపోయారు. బందరు జాతీయ కళాశాలలో బెంగాలీ పద్ధతి నేర్పేవారు. పాపయ్య గారికి మాత్రం బడి ఇల్లే. ఇంటి బయట దొరికిన గురువు రవివర్మ. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రాలు పెట్టి దేవతల బొమ్మలను రంగుల్లో అచ్చువేయించారు. రాజుల గోడల మీద ఉండే లక్ష్మి, సరస్వతి అప్పటినుంచి పేదవాడి గోడ మీదకు కూడా వచ్చారు. మన ఇళ్ళలో కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చే క్యాలెండరు బొమ్మలకు మూలం అదే. చిన్ననాడే రవివర్మ కోదండరాముడి బొమ్మ చూసి పాపయ్య గారు బొమ్మలు గీయడం మొదలుపెట్టారని ఆయన గురించి రాసినవాళ్ళు చెబుతారు.

ఇక్కడ మనం ఒక నిజం ఒప్పుకోవాలి. ఆయనకు ఇంట్లోనే గురువు ఉన్నాడు, రంగుల పెట్టె ఉంది, పురాణాలు ఉన్నాయి. మనలో చాలామందికి ఇంట్లో మొదటి పుస్తకం మన తెలుగు వాచకమే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. కాబట్టి ఆయన లాగ మనమూ అయిపోవచ్చు అని ఊరికే రాయలేను. అయితే ఆయన పట్నం వెళ్ళి పెద్ద కాలేజీలో చదివి చిత్రకారుడు కాలేదు, ఇది కూడా నిజమే. చిన్న ఊళ్ళో చేతికి దొరికినవాటితోనే ఆయన తయారయ్యారు.

ఆయనను తయారుచేసిన వాటిలో మొదటివి పుస్తకాలు. రామాయణ, భారత, భాగవతాల ఘట్టాలను ఆయన వేయని తీరు లేదు. కథ తెలియకుండా అలా వేయడం కుదరదు. పాత్ర ఏ వయసుది, ఏ వేళ, ఏ ఋతువు, ఏ నగ, చేతిలో ఏ పువ్వు, ఇవన్నీ చదివితేనే తెలుస్తాయి. రెండవది సంగీతం. మన దేశంలో రాగాలకు బొమ్మలు వేసే సంప్రదాయం ఒకటి ఉంది. రాజస్థాన్‌లోను, దక్కన్‌లోను రాగమాల చిత్రాలని వందల సంవత్సరాలు వేశారు. వాటిలో తోడి రాగం అంటే వీణ పట్టుకున్న స్త్రీ, చుట్టూ జింకలు. భైరవి అంటే శివలింగానికి పూజ చేస్తున్న స్త్రీ. చెవితో వినేదాన్ని కంటికి చూపించడం అన్నమాట. పాపయ్య గారు కూడా రాగాలకు, ఋతువులకు స్త్రీ రూపం ఇచ్చి తెలుగు పత్రికల్లో చూపించారు. కచేరీ అంటే ఏమిటో తెలియని పల్లెటూరి పాఠకుడికి రాగానికి ఒక ముఖం ఉంటుందని తెలిసింది ఆయన వల్లే.

ఆయన పని ఎక్కువగా పత్రికలకే. చక్రపాణి గారు నడిపిన యువ, నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో ప్రారంభించిన చందమామ ఆయన బొమ్మలతో వెలిగాయి. చందమామ ఎన్ని భాషల్లో వస్తే అన్నిటికీ ముఖచిత్రం ఒకటే. ఒరియాలో జన్హమాము 1956లో మొదలైంది. మన సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఒరియా మాట్లాడే ఇళ్ళలో జన్హమాము చదివినవారు, పలాసలో చందమామ చదివినవారు, ఇద్దరూ చూసింది ఒకే బొమ్మ. ముఖచిత్రం వేయడం తేలిక కాదు. పైన పత్రిక పేరుకు చోటు వదలాలి. కుంచెతో ఎన్ని ఛాయలు కలిపినా ప్రెస్సులో అవి నీలం, ఎరుపు, పసుపు, నలుపు సిరాల్లోకి విడిపోయి మళ్ళీ కాగితం మీద కలవాలి. ఆ సంగతి తెలిసి వేసినవాడి బొమ్మే అచ్చులో బతుకుతుంది. పాపయ్య గారి పొగమంచులాంటి నీలాలు, సంధ్య రంగులు అచ్చులో కూడా చెడిపోలేదంటే ఆయన పనితనమే కారణం. బొమ్మ మూలన వ.పా. అని చిన్న సంతకం. ఆ రెండక్షరాలతోనే వపా అని పేరు స్థిరపడింది.

ఇంత పేరు వచ్చినా ఆయన మద్రాసులో స్థిరపడలేదు. అనకాపల్లి దగ్గర కశింకోటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి, ఆ ఊరినే తన ఊరు చేసుకున్నారు. సన్మానాలకు, ఫొటోలకు దూరంగా ఉండేవారు. బొమ్మ అందరికీ తెలిసి మనిషి తెలియకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ఆయన మీద నాకు ఒక ఫిర్యాదు కూడా ఉంది. దేవతలనే కాక పల్లె పడుచులను, గిరిజన స్త్రీలను కూడా ఆయన అందంగా వేశారు. కాని అందరివీ అవే పెద్ద కళ్ళు, అదే నడుము. జీడిపిక్కలు కొట్టి కొట్టి ఆ నూనెకు వేళ్ళు కాలిన మన అమ్మలు ఆ బొమ్మల్లో నాకు కనిపించలేదు. సీతంపేట వైపు సవరలు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో తమ బొమ్మలు తామే వేసుకుంటారు. వాటిలో మనుషులు సన్నగా గీతల్లా ఉంటారు, గుంపులుగా పని చేస్తూ, ఆడుతూ ఉంటారు. మన హాస్టల్లోని సవర తమ్ముళ్ళు చాలామంది అవి వేయగలరు కాని ఎవరికీ చూపించరు. వపా గారి నీలాలు మన జిల్లావే, ఆ గోడల ఎరుపు కూడా 2022 వరకు మన జిల్లాదే. మన గోడపత్రికలో రెండూ పక్కపక్కన ఎప్పుడూ పెట్టలేదు.

పాపయ్య గారు 1992 డిసెంబరు 30న మరణించారు. చందమామ కూడా 2012 తర్వాత ఆగిపోయింది. ఇప్పుడు ఆయన బొమ్మలు కావాలంటే పాత పుస్తకాల దుకాణాల్లో, ఇళ్ళలో అటకల మీద, ఎవరో ఓపికగా స్కాన్ చేసి ఉంచిన కంప్యూటర్ పేజీల్లో వెతకాలి. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు పాత చందమామలు ఎవరికైనా దొరికితే అట్టలు చింపకుండా తీసుకురండి. మూలన వ.పా. ఉంటే మన లైబ్రరీలో పెడదాం. తిత్లీ తుపానుకు 2018లో మన ఊళ్ళల్లో ఎన్ని ఇళ్ళ పైకప్పులు పోయాయో, వాటితో పాటు ఎన్ని పుస్తకాలు తడిసిపోయాయో. మిగిలినవైనా చూద్దాం.