జాన్ అలెన్ రైలుమార్గము

అమెరికా దేశపు పడమటి సముద్రతీరమున మాంటెరే అను పట్టణము కలదు. అచ్చట ఒక ఇంటి నేలమాళిగలో ఒకప్పుడు ఎత్తైన కొండలు, లోతైన లోయలు, వంతెనలు, ఒక రేవుపట్టణము, వీని నడుమ మెలికలు తిరుగుచు పోవు రైలుమార్గము ఉండెడివి. కొండల శిఖరములు గది కప్పును తాకుచుండెను. లోయల అడుగులు గది నేలకు దిగుచుండెను. ఆ కొండలపై ప్రాకు ఇంజనులు మాత్రము చేతితో ఎత్తదగినంత చిన్నవి. ఈ చిన్న లోకమును ఇరువది యేండ్లు శ్రమించి నిర్మించినవాడు జాన్ విట్బీ అలెన్.

అలెన్ 1913వ సంవత్సరము జూలై 2వ తేదీన మిస్సోరి రాష్ట్రములోని జోప్లిన్ పట్టణమున జన్మించెను. చిన్ననాట సోకిన కీళ్లవాత జ్వరము ఆయన గుండెను బలహీనపరచెను. పెద్దవాడై లాస్ ఏంజెలిస్ నగరమున ఛాయాచిత్రకారుడుగా వృత్తి సాగించెను. వెలుగునీడలను నిశితముగా చూచు అలవాటు ఆయనకు అచ్చటనే అబ్బెను. పిమ్మట ఆ వృత్తిని విడిచి, పెట్టుబడులపై వచ్చు ఆదాయముతో మాంటెరేలో నిరాడంబరముగా జీవింపసాగెను.

1946లో ఆయన మంచమంత బల్లపై మొదటి నమూనా రైలుమార్గమును నిర్మించి, దానికి ‘గోరీ అండ్ డాఫెటిడ్’ అని నామకరణము చేసెను. వ్రాతలో నివి రెండు ఊళ్ల పేర్లవలె కనబడును. నోట పలికినచో ‘నెత్తురోడి ఓడిపోయిన’ అను అర్థము గల ఆంగ్లపదములై వినబడును. అలెన్ హాస్యప్రియుడు. 1953లో ఆయన మరియొక ఇల్లు కొనెను. ఇల్లు కొనువారు సామాన్యముగా వంటగదిని, పడకగదిని చూతురు; ఆయన నేలమాళిగను చూచి కొనెను! మొదటి చిన్న మార్గమును పారవేయక, క్రొత్తగా నిర్మించు పెద్ద మార్గములో నొక భాగముగా కలుపుకొనెను.

ఇట్టి నిర్మాణములోని చిక్కు మీరు గ్రహింపవలెను. ఆయన నమూనాలు నిజమైన వానిలో 87వ వంతు. ఆరడుగుల మనిషి ఇందు ఒక అంగుళమైనను ఉండడు. అయినను ఒక మైలు మార్గము వేయవలెనన్న సుమారు 61 అడుగుల పట్టాలు కావలెను. గదిలో అన్ని మైళ్లు ఎట్లు ఇముడును? అందుచే ఆయన మార్గమును కొండల చుట్టును త్రిప్పి, ఒకదానిపై నొకటిగా అంతస్తులలో నడపెను. దూరముగా కనబడవలసిన ఇండ్లను, చెట్లను మరింత చిన్నవిగా చేసి నిలిపెను. గోడల మూలలందు అద్దములు అమర్చి, వీథి అచ్చటితో ఆగిపోక ముందుకు సాగిపోవుచున్నట్లు భ్రమ కలిగించెను. అద్దము అద్దమువలె కనబడకుండ దాని అంచులను ఏ చెట్టుచాటుననో, భవనము వెనుకనో దాచవలెను. అందులకు మిక్కిలి ఓర్పు కావలెను.

ఆనాడు నమూనాలు చేయువారిలో పెక్కుమంది ఇంజనులను అంగడినుండి తెచ్చినట్లు తళతళలాడ నుంచెడివారు. అలెన్ అట్లు చేయలేదు. ఎండకు వెలిసిన రంగులు, త్రుప్పుమరకలు, మసి, ఒరిగిన కొయ్యగోడలు, ఇవన్నియు రంగులతో కల్పించెను. ఏండ్ల తరబడి జనులు అచ్చట పాటుపడినట్లు తోచెడిది. ఆయన గొప్పతనము ఇంజనులకంటె ఈ పాతదనమునందే ఎక్కువగా ఉన్నదని నా తలంపు. తన కళాకృతులకు తానే ఛాయాచిత్రములు తీసి పత్రికలకు పంపెను. అవి చూచి దూరదేశముల వారును ఆ పద్ధతులు అవలంబించిరి.

రైలు ఊరక గుండ్రముగా తిరుగుట ఆయనకు రుచింపదు. సాయంకాలములందు మిత్రులు వచ్చి తలకొక బాధ్యత వహించెడివారు. ప్రతి వ్యాగను ఏ ఊరికి చేరవలెనో ఒక చీటీపై ఉండును. గడియారము నిజకాలముకంటె వేగముగా నడచును. కాలపట్టిక ప్రకారము బండ్లు పోవలెను. వ్యాగనులను తక్కువ కాలములో సరియైన చోట్లకు చేర్చు ‘టైమ్ సేవర్’ అను షంటింగు ఆటను కూడ ఆయన కల్పించెను. అది 1972లో ప్రకటింపబడెను. ఇంత క్రమశిక్షణ గల మార్గములో షంటింగు ఇంజనునకు బదులుగా ‘ఎమ్మా’ అను ఒక స్టెగోసారస్, అనగా ఏనాడో నశించిన రాక్షసిబల్లి, వ్యాగనులను లాగుచుండెను! ఇట్టి పరిహాసము తగునా అని కొందరికి తోచవచ్చును. అది లేనిచో ఆ కొండలు కొంత వెలవెలబోయెడివని నాకు అనిపించును.

1973 జనవరి 6వ తేదీన, ఏబది తొమ్మిదవ యేట, అలెన్ గుండెపోటుతో మరణించెను. సుమారు పది దినములకు ఆ ఇంట అగ్నిప్రమాదము సంభవించి రైలుమార్గములో అధికభాగము కాలిపోయెను. 1946 నాటి చిన్న మార్గము కూడ అందులోనే ఉండెను. పత్రికలలో ప్రచురితమైన ఛాయాచిత్రములు మాత్రము మిగిలెను. లిన్ వెస్ట్‌కాట్ అను పత్రికాసంపాదకుడు వానిని కూర్చి ఆయన కృషిని గూర్చి వ్రాసిన గ్రంథము 1981లో వెలువడెను. ఆ చిత్రములను, పటములను ఆధారముగా గొని, మంచమంత బల్లపై ఉండిన ఆ మొదటి మార్గమును పలువురు తమ ఇండ్లలో మరల నిర్మించిరి.