రెండు మొనల నడుమ: హెన్రీ మాడ్‌స్లే

ఇంగ్లండులో థేమ్స్ నదీతీరాన ఉన్న వులిచ్‌లో, ప్రభుత్వ ఆయుధాగారంలో పనిచేసే ఒక సామాన్యుని ఇంట 1771 ఆగస్టు 22న హెన్రీ మాడ్‌స్లే జన్మించాడు. పన్నెండేళ్ల ప్రాయంలోనే తూటాలలో మందు కూరే పనికి కుదిరాడు. తరువాత వడ్రంగిశాలలో చేర్చినా, ఆ బాలుని మనస్సు పక్కనున్న కొలిమి మీదనే ఉండేది. చివరకు అక్కడికే చేరి, ఆకురాయి పట్టడంలో సాటిలేనివాడనిపించుకున్నాడు.

పద్దెనిమిదో ఏట లండనులో జోసెఫ్ బ్రామా అనే తాళాల నిర్మాత వద్ద చేరి, పనివారికి పెద్ద అయ్యాడు. వారానికి 30 షిల్లింగుల వేతనంతో సంసారం గడవక, కొంత పెంచమని కోరాడు. యజమాని నిరాకరించాడు. 1797లో మాడ్‌స్లే బయటికి వచ్చి సొంత కర్మశాల తెరిచాడు. బ్రామా పోగొట్టుకున్నది ఎంతటివానినో త్వరలోనే లోకానికి తెలిసింది.

తరిమెన అనే తెలుగు మాట నేటి విద్యార్థులకు కొత్త కావచ్చు. దానినే ఇప్పుడు లేతు అంటున్నాం. అందులో ఇనుప కమ్మీ రెండు కొసల నట్టనడుమ చిన్న గుంటలు తొలిచి, ఎదురెదురుగా ఉన్న రెండు శంకువు ఆకారపు మొనల మధ్య నిలుపుతారు. ఈ మొనలే సెంటర్లు. ఎడమవైపు మొన కమ్మీతోపాటు తిరుగుతుంది, కుడివైపుది కదలదు. అక్కడ ఒరిపిడికి వేడి పుడుతుంది కనుక కొవ్వో నూనెయో పూయాలి. బిగింపు మితంగా ఉండాలి. రెండు మొనలను కలిపే గీత ఉలి నడిచే దారికి సమాంతరంగా లేకపోతే, కమ్మీ ఒక కొస లావుగా, మరొక కొస సన్నగా తేలుతుంది. సరిగా ఉంటే, దానిని ఎన్నిమార్లు తీసి మళ్లీ అమర్చినా అదే ఇరుసు మీద తిరుగుతుంది.

మొనలు ఎంత నిక్కచ్చిగా ఉన్నా ఉలి మనిషి చేతిలోనే ఉండేది. చేయి వణికితే పని చెడేది. ఉలిని జారుడు పీటకు బిగించాలన్న ఆలోచన మాడ్‌స్లేతోనే పుట్టలేదు. ఫ్రాన్సులో వోకాన్సన్ అంతకు ముందే అటువంటిది చేశాడు. అయితే 1800 ప్రాంతంలో మాడ్‌స్లే ఆ పీటను ఒక పొడవాటి మరతో నడిపించి, ఆ మరను పళ్లచక్రాలతో తిరిగే ఇరుసుకు జతచేశాడు. చక్రాలు మార్చితే కోరిన మర తెగేది. అంతవరకు ఒక బోల్టుకు చేసిన నట్టు మరొకదానికి పట్టేది కాదు. అంగుళంలో పదివేలవ వంతును కొలిచే సాధనాన్ని కూడా ఆయన తయారుచేసి, తగవులు తీర్చే తుది న్యాయమూర్తిగా దానికి లార్డ్ ఛాన్సలర్ అని పేరు పెట్టుకున్నాడు.

పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో ఓడల కప్పీలు చేయడానికి మార్క్ బ్రూనెల్ రూపొందించిన యంత్రాలను నిర్మించినవాడు మాడ్‌స్లేయే. 1808 నాటికి అక్కడ ఏటా 1,30,000 కప్పీలు తయారయ్యాయి. 110 మంది నిపుణులు చేసే పనిని 10 మంది చేయసాగారు. ఈ లెక్క చదివి ఆశ్చర్యపడేవారు తక్కిన నూరుగురిని మరువరాదు. హస్తనైపుణ్యంతోనే పైకి వచ్చినవాడు ఆ నైపుణ్యం అక్కరలేని యంత్రాలను నిర్మించడం చరిత్రలోని వైచిత్రి.

రిచర్డ్ రాబర్ట్స్, జేమ్స్ నాస్మిత్, జోసెఫ్ విట్‌వర్త్ మొదలైనవారు ఆయన కర్మశాలలో పని నేర్చినవారే. విట్‌వర్త్ 1841లో దేశమంతటికీ ఒకే కొలత గల మరలను ప్రతిపాదించాడు. దానిని చూడడానికి గురువు జీవించిలేడు. ఫ్రాన్సులో ఒక మిత్రుని చూసి తిరిగివస్తూ సముద్రంపై చలి సోకి, 1831 ఫిబ్రవరి 14న మాడ్‌స్లే మరణించాడు. ఆయనను వులిచ్‌లోనే సమాధి చేశారు.