డాక్టరు వాల్డిమార్ హాఫ్కిన్

ఎలుకలు రాలినంతనే మన పెద్దలు ఇల్లు విడిచి పొలములలో పాకలు వేసికొని కాలము గడపిన దినములు కలవు. ఆ ప్లేగు మహామారికి మొదటి టీకామందును కూర్చి, మన దేశమున లక్షలకొలది జనులకు రక్షణ నొసగిన వైజ్ఞానికుడు హాఫ్కిన్. ఆయన యూదుడు.

యూదద్వేషము మిక్కిలి పురాతనము. క్రీస్తును చంపిన జాతి యను నింద యూరపుఖండమున తరతరములుగా వారిపై మోపబడెను. యేసుప్రభువును, ఆయన తల్లియు, అపొస్తలులును యూదులే యని నిందకులు మఱచిరి. పెక్కు దేశములలో వారిని భూములు కొననీయక, వృత్తిసంఘములలో చేరనీయక వడ్డీవ్యాపారమునకు నెట్టి, పిమ్మట వడ్డీవ్యాపారులని దూషించిరి. 1348–49లో మహామారి ప్రబలగా, యూదులు బావులలో విషము కలిపిరని వదంతి పుట్టెను. స్ట్రాస్‌బర్గు మొదలగు పట్టణములలో వారిని వందలకొలది సజీవదహనము గావించిరి. ఆ జాతివాడే తరువాత ఆ వ్యాధికి టీకా కనుగొనెను.

హాఫ్కిన్ 1860లో రష్యా సామ్రాజ్యమునందలి ఒడెస్సాలో జన్మించెను. విద్యార్థిదశలో, యూదుల యిండ్లపై మూకలు పడగా అడ్డునిలిచి దెబ్బలు తిని చెఱపాలయ్యెను. గురువగు మెచ్నికోవ్ ఆయనను విడిపించెను. రష్యా సంఘమున బాప్తిస్మము పొందినగాని ఆచార్యపదవి లేదనగా ఆయన సమ్మతింపలేదు. కొలువునకై పొందు బాప్తిస్మము బేరమే కాని విశ్వాసము కాదు గదా! దేశము విడిచి పారిసులోని పాస్టరు సంస్థను చేరెను. 1892లో కలరా టీకాను సిద్ధపఱచి మొదట తన దేహముననే ప్రయోగించికొనెను. 1893లో మన దేశమునకు వచ్చి ఊరూర తిరిగెను. 1896లో బొంబాయిని ప్లేగు సోకగా రాత్రింబవళ్లు శ్రమించి మందు కూర్చి, 1897 జనవరి 10న మరల తనపైననే పరీక్షించుకొనెను.

1902లో పంజాబునందలి ముల్కోవాల్ గ్రామమున టీకా పొందినవారిలో 19 మంది ధనుర్వాతముచే మరణించిరి. అందఱికిని మందు ఒక్క సీసాలోనిదే. సీసా తెఱచునపుడు సహాయకుని పటకారు నేలబడెననియు, దానిని చక్కగా శుద్ధిచేయక వాడెననియు సాక్ష్యముండెను. అయినను విచారణసంఘము నేరమును ప్రయోగశాలపై మోపెను. హాఫ్కిన్ పదవి కోల్పోయెను. ఫ్రాన్సున డ్రైఫస్ అను యూద సేనానికి జరిగిన అన్యాయముతో పలువురు దీనిని పోల్చిరి. మన మన్యపు చలిజ్వరమునకు దోమయే మూలమని 1897లో సికింద్రాబాదున కనుగొనిన రొనాల్డ్ రాస్ ఆయన పక్షము వహించి పత్రికల కెక్కెను. 1907లో నింద తొలగెను గాని బొంబాయి ప్రయోగశాల ఆయనకు మరల దక్కలేదు. 1925లో దానికి ఆయన పేరే పెట్టిరి.

1930లో స్విట్జర్లాండునందు మరణించుటకు ముందు ఆయన తన ధనమును తూర్పు యూరపు యూదుల విద్యాలయములకు ధారపోసెను. పదునైదేండ్లు గడచులోపల నాజీలు రమారమి 60 లక్షల యూదులను సంహరించిరి. ఆ విద్యాలయములలో పెక్కు రూపుమాసెను.

విద్యార్థులారా! మన అడవిపల్లెలలోను జ్వరము తగిలినపుడు చేతబడి చేసిరని దిక్కులేనివారిపై పడుట వినుచున్నాము. బావిలో విషమను మాటయు, చేతబడి యను మాటయు ఒక్క భయమునుండియే పుట్టినవి. అట్టి మాట చెవినబడినపుడు, చూచినవా రెవరని మొదట అడుగుడు.