సవర పిల్లలకు బడి పెట్టిన గిడుగు పంతులు గారు

వేసవి సెలవులకు ఇండియా వెళ్లిన మన కుటుంబాలు తిరిగి దుబాయ్, షార్జా, అబుదాబి చేరుకుని పిల్లల బడిసంచులు సర్దుకునే రోజుల్లోనే ఏటా ఆగస్టు 29 వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. వాడుకభాషా ఉద్యమ పితామహుడని ఆయన ఫొటోకి దండ వేస్తాం. ఆ ఉద్యమానికి చాలా ఏళ్ల ముందే ఆయన మొదలుపెట్టిన పని ఒకటుంది. అది తెలుగు కోసం చేసింది కాదు.

ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో, వంశధార ఒడ్డున ముఖలింగం దగ్గరున్న పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండో ఏట తండ్రి పోయారు. విజయనగరం బడిలో గురజాడ అప్పారావు గారు ఆయన సహాధ్యాయి. మెట్రిక్ పాసై, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి ఉపాధ్యాయుడయ్యారు. ఎఫ్.ఏ., బి.ఏ. రెండూ ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పూర్తిచేశారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలు. వాళ్ల మాట ముండా కుటుంబానికి చెందినది, తెలుగుకూ ఒడియాకూ చుట్టం కాదు. అప్పటికి దానికి నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, బడి అసలే లేదు. రామమూర్తి గారు తెలుగు వచ్చిన ఒక సవర యువకుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. తర్వాత తానే కొండలెక్కి కథలు, పాటలు రాసుకొచ్చారు. గొంతు దగ్గర ఆపి పలికే సవర శబ్దాలు తెలుగు అక్షరాల్లో ఇమడవు. వాటికోసం ధ్వనిశాస్త్రం పుస్తకాలు తెప్పించుకుని సొంతంగా చదువుకున్నారు.

ఆ పైన సవర భాషలోనే వాచకాలు రాసి, సవర పిల్లలకు బళ్లు పెట్టి, పంతుళ్లకు జీతం తన జేబులోంచి ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు మంచి బడి నడపమని కోరారు. ఊరికే దక్కిందేమీ లేదు. కొండజ్వరానికి మింగిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. మాట వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవుడు!

నన్నడిగితే, తెలుగు గురించి ఆయన చేసిన వాదనకు మూలం ఆ కొండబడిలోనే ఉంది. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తరాది జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో బట్టీపట్టేది ఇంకొకటి ఎందుకుందన్నది ఆయన సందేహం. పండితులు దాన్ని కొట్టిపారేస్తే రామమూర్తి గారు పట్టించుకున్నారు. సవర పిల్లవాడికి సవరలో చెబితే చదువొస్తుందని కళ్లారా చూసినవారు, తెలుగు పిల్లవాడికి తెలుగులో చెబుతున్నామా అని అడక్కుండా ఎలా ఉంటారు? వాడేవాళ్లను అడక్కుండా సాఫ్ట్‌వేర్ రాస్తే ఏమవుతుందో మా వృత్తిలో అందరికీ తెలుసు.

మనం ఉంటున్న ఈ నేల మీద అప్పుడేం జరుగుతోందో కూడా చెప్పుకోవాలి. దేరా దుబాయ్‌లో ముత్యాల వ్యాపారి అహ్మద్ బిన్ దల్మూక్ పేరిట అల్ అహ్మదియా పాఠశాల 1912లో వెలిసింది. ఇప్పుడది మ్యూజియం. పిల్లల్ని తీసుకెళ్లదగ్గ చోటు. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ మద్రాసు ప్రభుత్వం స్కూలు ఫైనల్ విద్యార్థులు తెలుగు వ్యాసాన్ని వాడుకభాషలో రాయడానికి అనుమతి ఇచ్చింది. జయంతి రామయ్య పంతులు గారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా అడ్డుకున్నారు. వాళ్లనీ తప్పుపట్టలేం. నన్నయ నాటి నుంచి వచ్చిన భాషతో పిల్లలకు తెగతెంపులైపోతాయని వారి భయం. రెండు మూడేళ్లలోనే ఆ అనుమతి పోయింది.

రామమూర్తి గారు అప్పటికే, 1911లో, రిటైరయ్యారు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. పాత తాళపత్ర గ్రంథాల నుంచి ఉదాహరణలు తీసి, మీరు తప్పన్న ప్రయోగాలు పూర్వులు చేసినవేనని పండితుల ముందు పెట్టేవారు. వినపడని చెవులతో సభల్లో వాదించడం ఎంత కష్టమో! 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు, అది ఎక్కువకాలం నిలవలేదు. సవరల పని మాత్రం వదల్లేదు. సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది, తర్వాత నిఘంటువూ వచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. దాన్ని వ్యతిరేకించిన పంతులు గారు అర్ధశతాబ్దం పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. ఉన్న చోటు వదిలి రావడమంటే ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు, కానీ మనం వచ్చింది కుర్రతనంలో.

పిల్లలకు మొదటి చదువు మాతృభాషలో ఉండాలని యునెస్కో నిపుణుల సంఘం 1953లో చెప్పింది. 2000 తర్వాత ఆంధ్రలోనూ ఒడిశాలోనూ సవర పిల్లలకు సర్కారు బళ్లలో సొంత భాషలో వాచకాలు అందాయి. రెండూ పంతులు గారు చూడలేదు. చివరి రోజుల్లో కూడా తెలుగు పత్రికల సంపాదకులకు, జనం మాట్లాడే భాషలో రాయమని విన్నపం చేసుకున్నారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.