సర్దార్ పణిక్కర్

చరిత్రను వ్రాసేవారు వేరు, చరిత్ర నడిచే చోట నిలిచి పనిచేసేవారు వేరు. ఈ రెండు బాధ్యతలనూ ఒకే జీవితంలో వహించిన అరుదైన వ్యక్తి సర్దార్ కావాలం మాధవ పణిక్కర్.

ఆయన 1895 జూన్ 3న నాటి తిరువాన్కూరు సంస్థానంలోని కావాలం గ్రామంలో జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలోనూ, ఆక్స్‌ఫర్డులోనూ విద్యాభ్యాసం చేసి, స్వదేశానికి మరలి అలీగఢ్‌లో అధ్యాపకులైనారు. మలయాళ దేశపు హిందూ యువకుడు అలీగఢ్‌లో చరిత్ర బోధించిన సంగతి మా విద్యార్థులకు విశేషించి చెప్పదగినది. పిమ్మట పత్రికా సంపాదకత్వం; ఆపైన పాటియాలా, బికనీరు సంస్థానాల కొలువు. 1947లో పలు సంస్థానాలు వెనుకముందులాడుతుండగా, బికనీరు రాజ్యాంగ సభలో చేరడంలో దివానుగా ఆయన పాత్ర చిన్నది కాదు.

1948లో చైనాకు రాయబారిగా వెళ్ళారు. నాన్‌కింగ్‌లో ఒక ప్రభుత్వం కూలడం చూచి, 1950లో పెకింగ్‌లో మరొక ప్రభుత్వం వద్ద అదే పదవిని స్వీకరించారు. ఆ యేడు అక్టోబరు 2వ తేదీ అర్ధరాత్రి ప్రధాని చౌ ఎన్ లై ఆయనను పిలిపించి, అమెరికా సేనలు 38వ అక్షాంశం దాటి ఉత్తర కొరియాలో ప్రవేశిస్తే చైనా ఊరకుండదని తెలిపారు. పణిక్కర్ ఆ వార్తను ఢిల్లీకి పంపగా, అది వాషింగ్టనుకు చేరింది. అక్కడి వారు దానిని ఉత్త బెదిరింపుగా తలచారు. వార్త తెచ్చినవాడు కమ్యూనిస్టుల పక్షపాతి అన్న అనుమానమూ తోడయింది. ఆ నెలలోనే చైనా సేనలు యాలూ నదిని దాటాయి. యుద్ధం 1953 జూలై దాకా సాగింది.

అయితే ఆ అక్టోబరులోనే చైనా సైన్యం టిబెట్టుపై నడిచింది. ఆ విషయంలో మన రాయబారి చైనా మాటలను అతిగా నమ్మారని సర్దార్ పటేల్ నవంబరులో నెహ్రూగారికి లేఖ వ్రాశారు. ఒకచోట సరిగా విన్న చెవియే మరొకచోట తాను వినగోరినదే విన్నదా? ఆయన అభిమానులమైన మేము కూడ ఈ ప్రశ్నను తప్పించుకోజాలము.

1953లో వెలువడిన ‘ఆసియా అండ్ వెస్టర్న్ డామినెన్స్’ గ్రంథంలో 1498లో వాస్కోడిగామా రాక మొదలు 1945 వరకు గల కాలాన్ని ఒకే యుగంగా చూపారు. సముద్రంపై ఆధిపత్యమే ఆ యుగానికి మూలమని ఆయన సిద్ధాంతం. మలయాళంలో నవలలు కూడ రచించారు.

తెలుగువారికి ఆయనతో దగ్గరి సంబంధమే ఉన్నది. ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘంలో కుంజ్రూతోపాటు ఆయన సభ్యులు. తెలంగాణను హైదరాబాదు రాష్ట్రంగా వేరుగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల అనంతరం అక్కడి శాసనసభలో మూడింట రెండువంతుల మంది కోరితేనే ఆంధ్రతో కలపవచ్చునని 1955లో ఆ సంఘం సూచించింది. ప్రభుత్వం అంతకాలం ఆగక 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌ను ఏర్పరచింది. 2014లో తెలంగాణ వేరుపడినపుడు ఆ నివేదిక పుటలు మరల చర్చకు వచ్చాయి. ఉత్తరప్రదేశ్ అంత పెద్ద రాష్ట్రం సమాఖ్యకు తగదని, దానిని విభజించాలని పణిక్కర్ ఒక్కరే అసమ్మతి వ్రాశారు. ఆ మాటను అప్పుడు ఎవరూ చెవిని బెట్టలేదు.

ఫ్రాన్సులో రాయబారిత్వం ముగిసిన తరువాత మరల విద్యారంగానికే వచ్చారు. మైసూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉండగా 1963 డిసెంబరు 10న కన్నుమూశారు.